ఫ్లేవర్ పట్టించిన కాఫీ గింజలు ప్రాసెస్ చేయని ఆహారంలోకి వస్తాయా?

ప్రాసెస్ చేయని ఆహారమే తీసుకోవాలన్న నియమం పెట్టుకున్న మీరు, పంచదార లేని ఫ్లేవర్ కాఫీ గింజలు దానికి సరిపోతాయా అని అడిగారు. మీరు కొన్న హేజెల్‌నట్ ఫ్లేవర్ కాఫీ గింజల్లో పంచదార లేకపోయినా ఆ నియమానికి అడ్డుపడేది, వేయించిన తరువాత వాటికి పట్టించే ఫ్లేవర్ ద్రావణం. అందులో పరిమళాన్ని మోసే ద్రవంగా తరచూ ప్రొపిలీన్ గ్లైకాల్ ఉంటుంది.

1. ప్యాకెట్ వెనుకనున్న పదార్థాల జాబితా చదవండి. చాలామంది పొరబడేది ఇక్కడే: ముందువైపు 'చాక్లెట్, బాదం రుచులు' అని రాసినది ఆ గింజ సహజ రుచికి వర్ణన మాత్రమే కావచ్చు. జాబితాలో కాఫీ ఒక్కటే ఉంటే నిశ్చింతగా తాగవచ్చు.

2. 'సహజ ఫ్లేవర్' అని ఉంటే, దానిని ఏ ద్రవంలో కలిపారో తయారీదారును అడగండి. ఆ ద్రవం పేరు సాధారణంగా జాబితాలో కనిపించదు. నియమం కఠినమైనదైతే మానేయమనే అంటాను.

3. పరిమళం కావాలంటే మామూలు గింజలతోపాటు చిన్న దాల్చినచెక్క ముక్కను పొడి చేయండి. పాత ఫ్లేవర్ జిడ్డు గ్రైండర్ గోడలకు అంటుకుని ఉంటుంది కనుక ముందుగా దానిని తుడవండి.