యంత్రాలకు అప్పు సరే, పిక్కలకు డబ్బేదీ?

ప్రశ్న: మాది మందస మండలం. జీడి పిక్కల నుంచి పప్పు తీసే చిన్న యూనిట్ పెట్టాలనుకుంటున్నాను. షెడ్డు ఉంది. యంత్రాలకు 5 లక్షలని కొటేషన్ ఇచ్చారు. బ్యాంకు వాళ్లు ప్రాజెక్టు రిపోర్టు అడుగుతున్నారు. ఆ 5 లక్షలకే రాస్తే చాలా?
– ఓ పాఠకురాలు

జవాబు: చాలదమ్మా. యంత్రాలొస్తాయి, వాటిలో పోయడానికి పిక్కలుండవు. మన వైపు పిక్క దిగేది ముఖ్యంగా మార్చి నుంచి మే దాకా. పని మిగతా నెలల్లోనూ సాగాలి. రోజుకు ఒక్క బస్తా, అంటే 80 కిలోలు, నెలకు 25 రోజులు ఆడించినా ఆరు నెలలకు 150 బస్తాలు కావాలి. అంటే 12 టన్నులు. కిలో 150 అనుకుంటే 18 లక్షలు. (ఈ ధర లెక్క తీరు తెలియడానికే. పలాసలో ఈ వారం ధర కనుక్కుని వేయండి.) రిపోర్టులో అసలు ప్రాణం ఈ అంకె. అంత పెట్టుబడి కష్టమైతే మొదటి ఏడాది వ్యాపారుల పిక్కలు తెచ్చి, బస్తాకింత అని కూలికి ఆడించి ఇవ్వండి. మీకు నేను చెప్పేది ఇదే. రిపోర్టు కూడా అలాగే రాయండి.

సొంతంగా కొంటే ముందు ఒక్క బస్తా లెక్క తేల్చండి. 15 శాతం తేమతో కొన్న 80 కిలోలు 8 శాతానికి ఎండేసరికి 74 కిలోలే. 12,000కు కొన్న బస్తా కిలో 150 కాదు, 162 పడినట్టు. చాలామంది రిపోర్టులు ఇక్కడే తప్పుతాయి. ఎండిన పిక్కలో పప్పు సుమారు నాలుగో వంతు. అందులో గుండ్లకు (విరగని పప్పుకు) ఒక ధర, బద్దలకొకటి, ముక్కలకొకటి. మొత్తం గుండ్ల ధరకే కడితే లాభం కాగితం మీదే ఉంటుంది. ఉడికింపు, కోత, ఆరబెట్టడం, పొట్టు తీత, గ్రేడింగ్‌ కూలి విడివిడిగా రాయండి. జీడి రసానికి చేతులు పొక్కుతాయి, తొడుగుల ఖర్చు మరవకండి. తొక్క అమ్మకం ఆదాయం కింద వేయండి.

పీఎంఈజీపీ (సొంత యూనిట్ పెట్టేవాళ్లకు బ్యాంకు అప్పుతో పాటు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పథకం) నిబంధనల్లో పల్లెలో మహిళకు సబ్సిడీ 35 శాతం, సొంత వాటా 5 శాతం. స్థలం విలువ ప్రాజెక్టు ఖర్చులో కలపకూడదు. సబ్సిడీ చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉంటుంది. ఆ డబ్బుతో పిక్కలు కొంటామని లెక్క వేయకండి.

చివరగా 12 నెలల పట్టిక: ఏ నెల ఎంత పోతుంది, ఎంత వస్తుంది. పప్పు అరువు మీద పోతే ఆ డబ్బు సరుకిచ్చిన నెలలో కాదు, చేతికొచ్చే నెలలో రాయండి. మార్చి, ఏప్రిల్, మే గళ్లలో లోటు కనిపించాలి. వర్కింగ్ క్యాపిటల్ (పిక్కలు కొనడానికి, కూలికి తిప్పుకునే డబ్బు) అడగడానికి మేనేజరుకు చూపాల్సింది ఆ మూడు గళ్లే.