ఈస్ట్‌లో ఎంఆర్ఎన్ఏని బయటికి పంపే మెక్స్67 నిర్మాణం ఎలా ఉంటుంది?

నెల్లూరు బేకరీల్లో బన్నులు పొంగించే ఈస్టే ఇదీ. దాని కేంద్రకంలో తయారైన ఎంఆర్ఎన్ఏని, అంటే జన్యువులోని సమాచారపు నకలుని, కేంద్రక రంధ్రం దాటించే ముఖ్యమైన ప్రోటీన్ మెక్స్67. 599 అమైనో ఆమ్లాలు, బరువు సుమారు 67 కిలోడాల్టన్లు. పేరులోని అంకె ఆ బరువే.

దీనిలో నాలుగు భాగాలు, మధ్యలో అటూ ఇటూ కదిలే అతుకులు. ముందున్న రెండు భాగాలు ఆర్ఎన్ఏని పట్టుకోవడానికి సాయపడతాయి. అసలు మజా మూడోదాంట్లో ఉంది. ఎన్‌టీఎఫ్2 అనే ప్రోటీన్‌ని పోలిన ఈ భాగానికి ఎంటీఆర్2 అనే చిన్న ప్రోటీన్ జత. ఎంటీఆర్2 మడత (ఆకారం) కూడా ఇంచుమించు అదే, కవలల్లా అతుక్కుంటాయి. చివరిది యూబీఏ, బుల్లిది.

రంధ్రం లోపల ఫినైల్‌అలనిన్-గ్లైసిన్ అనే అమైనో ఆమ్లాల జంటలున్న వదులు ప్రోటీన్ పోగులు వేలాడుతుంటాయి. మూడో, నాలుగో భాగాల మీది నీరంటని చిన్న గుంటల్లో ఆ ఫినైల్‌అలనిన్ ఇమిడిపోతుంది, వెంటనే ఊడిపోతుంది. రొట్టెల పండగకి స్వర్ణాల చెరువు దగ్గర జనంలో నడిచారా? ఒకరి భుజం పట్టి, వదిలి, ఇంకొకరిని పట్టుకుని ముందుకు పోతాం. ఇదీ అంతే. పట్టు గట్టిదైతే అక్కడే ఇరుక్కుపోయేది.

మరి వెనక్కి ఎందుకు జారదు? బయటివైపు డీబీపీ5 అనే ఎంజైమ్ కాపుకాసి, ఆర్ఎన్ఏ మీంచి మెక్స్67ని ఊడదీస్తుంది. టికెట్ లాగేసుకున్నట్టే, తిరుగు ప్రయాణం ఉండదు.

మన కణాల్లో ఇదే పని చేసేది ఎన్ఎక్స్ఎఫ్1.