పాత సీసీ రోడ్డు మీదే కొత్తది పోస్తున్నారు: కాలనీవాళ్లను అడగక్కర్లేదా?

ప్రశ్న: మాది తెలంగాణలో ఒక మున్సిపాలిటీ. మా వీధి 20 అడుగులు. పగిలిన పాత సీసీ రోడ్డును తీయకుండా దాని మీదే 6 అంగుళాల మందాన కొత్తది పోస్తామని మున్సిపాలిటీ అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) అంటున్నారు. మా గడప ఇప్పుడు రోడ్డుకు 4 అంగుళాల ఎత్తులోనే ఉంది. మమ్మల్ని ఎవరూ అడగలేదు. కాంట్రాక్టర్ మనిషి మాత్రం ‘అభ్యంతరం లేదు’ అని రాసిన కాగితం మీద సంతకాలు తీసుకుంటున్నాడు. పెట్టవచ్చా? కోర్టు స్టే వస్తుందా?

జవాబు: ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. రేపు ‘స్థానికులను సంప్రదించాం’ అనడానికి ఫైల్లో అదే సాక్ష్యమవుతుంది. తప్పనిసరైతే ‘రోడ్డు మట్టం ఇప్పుడున్న దానికంటే పెరగకూడదన్న షరతుతో’ అని సొంత చేత్తో రాసి, ఫొటో తీసుకున్నాకే పెట్టండి.

ఉన్న రోడ్డును తిరిగి వేయడానికి ప్రతి ఇంటి సమ్మతీ తీసుకోవాలని ఏ చట్టమూ చెప్పదు. రోడ్ల నిర్వహణ మున్సిపాలిటీ బాధ్యత. (వెడల్పు చేస్తూ మీ స్థలం తీసుకుంటే అది వేరే కథ; అక్కడ పరిహారం లేకుండా కుదరదు.) అలాగని నోరు మూసుకోవాల్సిన పనీ లేదు. 2019 మున్సిపాలిటీల చట్టం ప్రకారం ప్రతి వార్డుకూ యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులతో 15 మంది చొప్పున నాలుగు కమిటీలు ఉండాలి. మీ వార్డులో అవి కాగితం మీదే ఉన్నా సరే, విషయాన్ని వాటి ముందు పెట్టమని రాతపూర్వకంగా అడగండి. సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) సెక్షన్ 4(1)(డి) ప్రకారం, నిర్ణయానికి కారణాలను దాని ప్రభావం పడేవారికి చెప్పాల్సిన బాధ్యత కూడా అధికారులకు ఉంది.

అయితే ‘మమ్మల్ని అడగలేదు’ అన్న ఒక్క వాదన మీద ఎక్కువ బరువు పెట్టకండి. మీ బలమంతా మట్టం దగ్గరుంది. 4 అంగుళాల ఎత్తున్న గడప ముందు 6 అంగుళాలు పోస్తే మీ ఇల్లు రోడ్డుకు 2 అంగుళాలు కిందికి పోతుంది. పైగా నీళ్లు పక్కకు జారాలంటే రోడ్డు నడుమ కాస్త ఎత్తుండాలి: 6 మీటర్ల వెడల్పుకు 2 శాతం వాలు చొప్పున సుమారు 6 సెంటీమీటర్లు. ఆ వాలు వచ్చి పడేది కాలువలోకా, మీ వాకిట్లోకా అన్నదే అసలు ప్రశ్న. పాత కాంక్రీటు పగలగొట్టి, ఎత్తి బయట పారబోయడం పని ఖర్చు అంచనాలో ఒక ఐటమ్‌గా లేకపోతే కాంట్రాక్టర్ ఆ పని చేయడు. చేస్తే బిల్లు రాదు. అందుకే అభ్యంతరం పని మొదలుకాకముందే, ‘సవరించిన అంచనా వేయండి’ అన్న కోరికతో వెళ్లాలి. నీళ్ల పైపు, డ్రైనేజీ లైను మార్చాల్సి ఉంటే ముందే మార్చమని, మ్యాన్‌హోల్ మూతలు కొత్త మట్టానికి సరిచేయమని కూడా అందులోనే రాయండి.

ఈ వారమే ఒక మేస్త్రీని పిలిపించి లెవల్ పైపుతో ప్రతి గడపకూ, దాని ముందున్న రోడ్డుకూ తేడా కొలిపించండి. కొలత గుర్తును రోడ్డు మీద పెడితే కాంక్రీటు కింద పోతుంది, ప్రహరీ గోడ మీద పెయింటుతో పెట్టండి. ఇంటి నంబరు, తేడా, సంతకం ఉన్న పట్టిక తయారుచేసి, టేపు కనిపించేలా ఫొటోలు తీయండి. మీ ర్యాంపు గానీ, మెట్లు గానీ రోడ్డు మీదికి వచ్చి ఉంటే మాత్రం ముందు వాటి సంగతి చూసుకోండి. అది ఆక్రమణే, ఎదుటివాళ్లు మొదట చూపించేదీ అదే.

పట్టిక జతచేసి కమిషనర్‌కు అర్జీ ఇచ్చి, తేదీ, ముద్ర ఉన్న రసీదు తీసుకోండి. సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలోనూ ఒక ప్రతి ఇవ్వండి. అదే రోజు రూ. 10 ఫీజుతో ఆర్టీఐ కింద అంచనా, ఒప్పందం, పాత, కొత్త మట్టాల డ్రాయింగు, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) నకళ్లు అడగండి. జవాబుకు 30 రోజుల గడువుంది, ఆలోపు రోడ్డే పూర్తికావచ్చు. కాబట్టి సెక్షన్ 2(జె) కింద పనిని స్వయంగా తనిఖీ చేయడానికి, ధ్రువీకరించిన నమూనా తీసుకోవడానికి కూడా అదే దరఖాస్తులో కోరండి.

సివిల్ కోర్టులో స్టే కష్టం. 2018 సవరణతో నిర్దిష్ట ఉపశమన చట్టంలో చేరిన సెక్షన్ 41(హెచ్‌ఏ), రోడ్లు సహా మౌలిక వసతుల పనులకు ఆటంకమయ్యే ఇంజంక్షన్లను (పని ఆపమనే ఉత్తర్వులను) అడ్డుకుంటుంది. హైకోర్టులో రాజ్యాంగం 226 అధికరణం కింద రిట్ వేయవచ్చు; అక్కడ మొదటి ప్రశ్న ‘అర్జీ ఇచ్చారా?’ అనే. చాలాసార్లు వచ్చే ఉత్తర్వు కూడా ఆ అర్జీని పరిశీలించి నిర్ణయం తీసుకోమనే. అందుకే రసీదు పారేసుకోకండి.

కొత్త రోడ్డు వేసేశాక మురుగు ఇంట్లోకి వస్తుంటే, బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 152 కింద ఆర్డీఓకు ఫిర్యాదు చేయవచ్చు. డబ్బుల్లేవన్న మున్సిపాలిటీ సాకు చెల్లదని 1980లో రత్లాం మున్సిపాలిటీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పారిశుధ్యానికి సంబంధించిన వివాదం కాబట్టి కోర్టు ఫీజు లేకుండా శాశ్వత లోక్ అదాలత్‌కూ వెళ్లవచ్చు. పగుళ్లు, వాలు లోపాలు కనిపిస్తే మాత్రం తుది బిల్లు చెల్లించకముందే, ఫొటోలతో కమిషనర్‌కు రాయండి. బిల్లు చెల్లించాక కూడా లోప బాధ్యత గడువు (లోపాలను కాంట్రాక్టరే సరిచేయాల్సిన కాలం) ఉంటుంది; అది ఎంతన్నది మీరు ఆర్టీఐలో తీసుకున్న ఒప్పందంలోనే దొరుకుతుంది.