ముందు తాళం మాత్రం తిప్పకండి: పాత కార్ల మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: మా నాన్నగారి 1972 అంబాసిడర్ మార్క్ 2, పెట్రోలు బండి. ఆయన పోయి ఆరేళ్ళయింది. అప్పటినుంచి కాకినాడలో మా ఇంటి రేకుల షెడ్డులోనే ఉంది. సంక్రాంతికి వెళ్ళినప్పుడు స్టార్ట్ చేసి ఊళ్ళో ఒక రౌండ్ తిప్పాలని ఉంది. కొత్త బ్యాటరీ కొని పట్టుకెళ్తే సరిపోతుందా?
(హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: బ్యాటరీ కొనండి గానీ, తాళం మాత్రం తిప్పకండి. ఆరేళ్ళు కదలని ఇంజిన్‌లో సిలిండర్ గోడల మీద నూనె పొర ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది, సముద్రపు గాలికి పిస్టన్ రింగులు అక్కడే తుప్పుతో పట్టేసి ఉండొచ్చు, ఆ స్థితిలో స్టార్టర్ మోటార్ బలవంతంగా తిప్పితే రింగులు విరుగుతాయి, సిలిండర్ గోడలకి గీతలు పడతాయి, అక్కడితో సిలిండర్లని తొలిచి నునుపు చేసే బోరు పని చేయించాల్సిందే. ఒక్క నిమిషం ఆత్రానికి అంత ఖర్చు ఎందుకండీ?

నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పి ఒక్కో రంధ్రంలో రెండు చెంచాల ఇంజిన్ ఆయిల్ పోసి రెండు మూడు రోజులు వదిలేయండి. తర్వాత చేత్తో తిప్పి చూడాలి. మీ బండికి ముందు బంపర్ దగ్గర హ్యాండిల్ పెట్టే రంధ్రం ఉంటుంది, డిక్కీలో వెతికితే నాన్నగారి హ్యాండిల్ దొరుకుతుంది కూడా. ప్లగ్గులు లేవు కాబట్టి ఇంజిన్ తేలిగ్గానే తిరగాలి. తిరక్కపోతే బలం ఉపయోగించొద్దు, మళ్ళీ నూనె పోసి ఇంకో రెండు రోజులు ఆగండి. తిరిగిందంటే పాత ఆయిల్ మొత్తం దించేసి, ఫిల్టర్ మార్చి, 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్ పోసి, ప్లగ్గులు పెట్టకుండానే ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా తిప్పండి. కొత్త కార్లకి పోసే పల్చటి సింథటిక్ ఆయిల్ ఈ ఇంజిన్‌కి వద్దు.

టాంకులో ఆరేళ్ళ నాటి పెట్రోలు ఉంటే అది ఇప్పుడు పెట్రోలు కాదు, వార్నిష్ వాసన కొట్టే జిగురు. మొత్తం తీసేసి, టాంకు దించి కడిగించి, పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజిన్‌కి పంపే కార్బొరేటర్ విప్పి శుభ్రం చేయించండి. బ్యాటరీ పెట్టేముందు ఇంకొక్క సంగతి. ఆ కాలపు బ్రిటిష్ డిజైన్ బళ్ళు చాలావాటిలో ప్లస్ టెర్మినలే బాడీకి ఎర్త్ అయి ఉండేది. మీ బండిలో బాడీకి బిగించిన కేబుల్ ప్లస్ నుంచి వచ్చిందో మైనస్ నుంచి వచ్చిందో చూసి, అలాగే కలపండి. తిరగేసి కలిపితే ఛార్జింగ్ పాడవుతుంది. అలాగే బానెట్ కిందా డాష్‌బోర్డు వెనకా టార్చి వేసి వైర్లన్నీ చూడండి. కోస్తాలో మూసిన షెడ్డంటే ఎలుకలకి ఇల్లే, కొరికిన వైరు మీద కరెంటు వస్తే బండి మంటల్లో పోతుంది.

ఇక అందరూ మర్చిపోయేది బ్రేకులు. ఇంజిన్ స్టార్ట్ అయిన ఆనందంలో వెంటనే రోడ్డెక్కేస్తారు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది, ఆ నీరు చక్రాల దగ్గర బ్రేకుని నెట్టే వీల్ సిలిండర్లని లోపల నుంచి తుప్పు పట్టిస్తుంది, రబ్బరు కప్పులు గట్టిపడిపోతాయి. మీ బండికి నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్, నాలుగు చక్రాల సిలిండర్లు, రబ్బరు గొట్టాలు అన్నీ విప్పించి, రబ్బరు కిట్లు మార్పించకుండా వీధి చివరకి కూడా తీసుకెళ్ళకండి. టైర్లు కూడా అంతే, పైకి రోడ్డుని పట్టే గుండీలన్నీ ఉన్నట్టే కనిపిస్తాయి గానీ పక్కగోడలు పగుళ్ళిచ్చి ఉంటాయి. ఈ మధ్య కాలపు టైరు అయితే గోడ మీద నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2318 అంటే 2018లో 23వ వారం.

సంక్రాంతికి రౌండ్ వేయాలంటే దసరాకే వెళ్ళి పని మొదలుపెట్టించండి. మీ నాన్నగారు పక్క సీట్లో కూర్చోబెట్టుకుని తిప్పిన బండి అది, ఒక సీజన్ ఆలస్యమైనా సరిగ్గా లేవనివ్వండి.

ప్రశ్న: మా తాతగారి ఫియట్ ఉంది, పెయింటు వెలిసిపోయింది. మెకానిక్ మొత్తం గీకేసి మెటాలిక్ పెయింటు వేసి అల్లాయ్ చక్రాలు పెడదాం, కొత్త కారులా ఉంటుంది అంటున్నాడు. వేయించమంటారా?
(విజయవాడ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: వద్దమ్మా. కొత్త కారు కావాలంటే షోరూమ్‌లో దొరుకుతుంది. మీ తాతగారి చేతులు తగిలి అరిగిన పెయింటు ఇంకెక్కడా దొరకదు, ఒకసారి గీకేస్తే మళ్ళీ రాదు. హైదరాబాద్‌లో చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్ళినప్పుడు నిజాం గారి పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ చూడండి, వందేళ్ళు దాటిన బండి. దాని ముందు జనం ఎందుకు ఆగిపోతారు? ఆనాటి రూపంలోనే ఉంది కాబట్టి.

ముందు మంచి రబ్బింగ్ కాంపౌండ్‌తో ఒక చిన్న చోట, డిక్కీ మూత మీద అరచేయంత మేర రుద్ది చూడండి. వెలిసిపోయినట్టు కనిపించే పాత పెయింటు కింద చాలాసార్లు అసలు రంగు బతికే ఉంటుంది. ఎక్కువగా రుద్దితే మాత్రం మూలల దగ్గర ఇనుము బయటపడుతుంది, జాగ్రత్త. ఆ తర్వాత వ్యాక్స్.

డబ్బు పెట్టాలంటే తుప్పు మీద పెట్టండి. కార్పెట్లు ఎత్తి ఫ్లోరు చూడండి, డిక్కీ ఫ్లోరు, తలుపుల కింది పట్టీలు, చక్రాల పైన ఒంపులు చూడండి. తలుపుల అడుగున నీళ్ళు పోవడానికి చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి, అవి మట్టితో మూసుకుపోతే తలుపు లోపలి నుంచే కుళ్ళిపోతుంది. ఒక పుల్లతో పొడిచి తెరిస్తే చాలు, రూపాయి ఖర్చు లేదు. ఎక్కడైనా రేకు తినేసి ఉంటే అంతమేర కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించండి. రంధ్రం మీద పుట్టీ పూసి పెయింటు కొడితే కంటికి బాగానే ఉంటుంది, రెండు వానాకాలాల తర్వాత పుట్టీ కింద ఇంకో అడుగు రేకు పోయి ఉంటుంది. టింకరింగ్ చేసే వాళ్ళకి ఈ మాట పని మొదలుపెట్టక ముందే చెప్పండి, పని జరిగేటప్పుడు దగ్గర ఉండి చూడండి. అల్లాయ్ చక్రాల ఆలోచన మానేయండి, మీ పాత చక్రాలూ హబ్ క్యాపులూ దాచుకోండి.

ప్రశ్న: ఇప్పుడు బంకుల్లో ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది కదా, పాత బళ్ళకి ప్రమాదమా? చాలా టెన్షన్‌గా ఉంది.
(వరంగల్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: టెన్షన్ పడక్కర్లేదు, కానీ పట్టించుకోకుండా ఉండే విషయం కూడా కాదు. 2025 నాటికి దేశమంతా 20 శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చేసింది. మీ బండి తయారైన రోజుల్లో వాడిన రబ్బరుకి ఇథనాల్ పడదు, ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, చివరికి పగులుతుంది. పెట్రోలు గొట్టం వేడి సైలెన్సర్ మీదుగా పోతుంటే ఆ పగులు ఎంత ప్రమాదమో మీకే తెలుసు. కాబట్టి ముందు చేయాల్సింది ఇథనాల్‌కి తట్టుకునే గొట్టాలు వేయించడం, పెట్రోలు పంపు లోపలి పొర (డయాఫ్రం), కార్బొరేటర్ సీళ్ళు మార్పించడం. ఈ పని ఈ నెలలోనే చేయించండి.

రెండో సమస్య తేమ. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, బండి నెలల తరబడి నిలబడితే ఆ నీళ్ళు టాంకు అడుగుకి చేరి తుప్పు పట్టిస్తాయి. కాబట్టి ఆడించే బండి అయితే టాంకు నిండుగా ఉంచండి, చాలాకాలం ఆపేసే బండి అయితే ఖాళీ చేయండి. ఇంకోటి, ఈ పెట్రోలుతో ఇంజిన్‌లోకి వెళ్ళే పెట్రోలు, గాలి మిక్చర్ కాస్త పల్చబడుతుంది. ప్లగ్గు విప్పి చూస్తే తెలుస్తుంది, లేత ఇటుక రంగుంటే బాగుంది, తెల్లగా ఉంటే కార్బొరేటర్‌లో పెట్రోలు కాస్త పెంచించండి.

ప్రశ్న: వారానికోసారి షెడ్డులోనే ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తున్నాను. చాలు కదా?
(అనంతపురం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఇది మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. ఇంజిన్ వేడెక్కక ముందే ఆపేస్తే మండినప్పుడు పుట్టిన నీటి ఆవిరి ఆయిల్‌లోనూ సైలెన్సర్‌లోనూ చేరి అక్కడే ఉండిపోతుంది. రెండు వారాలకోసారి తీసినా సరే, పదిహేను కిలోమీటర్లు నడపండి. గేర్లు, బ్రేకులు, క్లచ్ అన్నీ పనిచేస్తాయి, బ్యాటరీ ఛార్జ్ అవుతుంది.

మీది అనంతపురం కాబట్టి ఇంకొకటి చెప్పాలి. రేడియేటర్‌లో బోరు నీళ్ళు పోయకండి. మీ ఇంట్లో బకెట్టుకి పట్టే తెల్లటి ఉప్పు పొర ఉంటుంది చూశారా, అదే రేడియేటర్ సన్న గొట్టాల్లో పడుతుంది, ఎండాకాలంలో బండి మరిగిపోతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయండి. మరుగుతోందని థర్మోస్టాట్ (ఇంజిన్ వేడిని బట్టి నీళ్ళని రేడియేటర్‌కి వదిలే వాల్వు) పీకేసే మెకానిక్‌లు ఉన్నారు, ఒప్పుకోకండి. మూసుకుపోయింది రేడియేటర్, దాన్ని శుభ్రం చేయించాలి. కవరు నూలుగుడ్డది వేయండి. ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపలి తేమ బయటకి పోదు.

ప్రశ్న: మా 1968 బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించొచ్చా? పాత నంబరు పోతుందా?
(రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్ళు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలు వింటేజ్ కిందకి వస్తాయి. మీ పాత నంబరు ఉంచుకోవచ్చు. కొత్తగా రిజిస్ట్రేషన్ చేయించే బళ్ళకి మాత్రం వీఏ అక్షరాలున్న నంబరు ఇస్తారు, దానికి ఫీజు 20 వేల రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. అయితే చాసిస్‌, బాడీ, ఇంజిన్ అసలు రూపంలో ఉండాలి. ఒకప్పుడు పెట్రోలు ఖర్చు భరించలేక డీజిల్ ఇంజిన్ పెట్టించుకున్న అంబాసిడర్లు మన దగ్గర చాలా ఉన్నాయి, మీదీ అలాంటిదైతే ఇక్కడే ఆగిపోతుంది.

ఇంకో మెలిక కూడా ఉంది. వింటేజ్ అయ్యాక ఆ బండిని రోజువారీ తిప్పకూడదు, ర్యాలీలకీ ప్రదర్శనలకీ, పెట్రోలు పోయించడానికీ, రిపేరుకీ తీసుకెళ్ళొచ్చు. మీరు ఆదివారం గుడికీ, అత్తగారింటికీ అందులోనే వెళ్తుంటే ఈ దారి మీకు కాదు. ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్ళకోసారి మామూలు ఆర్‌సీనే రెన్యువల్ చేయించుకోండి.

ప్రశ్న: స్పేర్లు ఎక్కడ దొరుకుతాయి?
(కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: సికింద్రాబాద్ రాణీగంజ్, విజయవాడ ఆటోనగర్, అక్కడ లేకపోతే చెన్నై పుదుపేట. ఫోన్‌లో పేరు చెబితే లేదంటారు, పాత ముక్క చేత్తో పట్టుకెళ్ళండి. విప్పిన ఏ పాత భాగాన్నీ పాత ఇనుముకి వేయకండి, కవర్లో పెట్టి తేదీ రాసి దాచండి. రేపు కొత్తది సరిపోకపోతే కొలత చూసుకోవడానికి అదే ఆధారం.