తిరుపతికి ఫోను చేసే వేళ

నాయనా, తిరుపతి నుంచి న్యూజెర్సీ వచ్చి రెండు నెలలైందనీ, చదువు, క్యాంపస్ ఉద్యోగం, వంట అన్నీ చక్కబెట్టుకునేసరికి నిద్రకు నాలుగైదు గంటలే మిగులుతున్నాయనీ రాశావు. వారానికి 20 గంటల పని నిబంధన వంటివి మీ విశ్వవిద్యాలయం వాళ్లే చెబుతారు. రాత్రి ఇంటికి ఫోను చేస్తే గాని పడుకోలేకపోతున్నానన్నావే, ఆ మాట దగ్గర నా మనసు ఆగిపోయింది.

2004లో నేను వచ్చినప్పుడు ఇదే తప్పు చేశాను. చలికాలంలో ఇక్కడికీ మనకూ పదిన్నర గంటల తేడా. రాత్రి 10:30కి, కిరాణా కొట్లో కొన్న ఫోన్ కార్డును నాణెంతో గోకి ఆ పొడుగాటి నంబరు నొక్కితే, తిరుపతి కొర్లగుంటలోని మా ఇంట్లో ఉదయం తొమ్మిదింటికి అమ్మ ఎత్తేది. కార్డులో నిమిషాలు అయిపోయేదాకా వదిలేవాణ్ణి కాను. పెట్టేశాక గది మరింత బోసిగా తోచేది, కాఫీ కలుపుకుని రెండింటిదాకా మేలుకునేవాణ్ణి. తాగిన ఐదు గంటల తర్వాత కూడా కాఫీలోని కెఫీన్ దాదాపు సగం ఒంట్లోనే ఉంటుందని అప్పటికి నాకు తెలియదు. ఫిబ్రవరిలో ఒక ఉదయం కారు నడుపుతూ రెప్ప వాల్చాను. ఉలిక్కిపడి చూసేసరికి కుడివైపు అద్దం రోడ్డు పక్క ఇనుప కంచెకు తగిలి వేలాడుతోంది. ఆ సంగతి అమ్మకు ఈనాటికీ చెప్పలేదు.

ఆ తర్వాతే వేళ మార్చాను. ఉదయం ఏడింటికి చేస్తే అక్కడ సాయంత్రం ఐదున్నర, అమ్మ అరుగు మీద కూర్చుని కనకాంబరాలు కడుతూ మాట్లాడేది. అరగంటకల్లా ఆమెకు దీపం పెట్టే వేళ, నాకు పనికి బయల్దేరే వేళ కావడంతో మాట దానంతటదే ముగిసేది. మార్చి రెండో ఆదివారం గడియారాలు ముందుకు జరిపాక తేడా తొమ్మిదిన్నర గంటలకు తగ్గుతుంది, ఆ మాట ఇంట్లో ముందే చెప్పిపెట్టు.

మా కార్డుకు నిమిషాల హద్దయినా ఉండేది, మీ వాట్సాప్‌కు అదీ లేదు, కనుక ఆ హద్దు నువ్వే పెట్టుకోవాలి. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. నిద్ర చాలని రోజున ఒంటరితనం రెట్టింపుగా బాధిస్తుందని, ఇరవై ఏళ్లకు పైగా ఇక్కడ నెగ్గుకొచ్చినవాడిగా నేను చెబుతున్నాను. రాత్రి తొమ్మిదింటికి ఫోను పక్కన పెట్టి, గదిలో ఉన్న స్నేహితులతో కలిసి కూర్చుని అన్నం తిను.

మొదటి వారం అమ్మ కాస్త నొచ్చుకోవచ్చు. రాత్రి ఎందుకు చెయ్యలేదని అడిగితే, నిద్రపోయానని ఉన్నమాటే చెప్పు. మా అమ్మ ఆ మాట విని, తిని పడుకున్నావా అని మాత్రం అడిగింది.