సర్వర్ పలకనప్పుడు బిల్లుల పని ఆగకూడదంటే

ప్రశ్న: మాది పలాసలో జీడిపప్పు పరిశ్రమ. బిల్లు వేయగానే మా సాఫ్ట్‌వేర్ దానంతటదే ప్రభుత్వ ఈ-ఇన్వాయిస్ పోర్టల్‌కు వివరాలు పంపి, ఐఆర్ఎన్ (ఇన్వాయిస్ నమోదు సంఖ్య) తెచ్చుకొని, సరుకు రవాణాకు కావలసిన ఈ-వే బిల్లు తీసి, డ్రైవరుకు ఎస్ఎంఎస్ పంపుతుంది. అవతలి సర్వర్ కాసేపు పలకకపోతే పని మధ్యలో నిలిచిపోతోంది. మళ్ళీ నడిపితే ఆ బిల్లు ముందే నమోదైందంటూ తిరగ్గొడుతోంది. ఏమిటి మార్గం?
— ఒక పాఠకుడు, పలాస

జవాబు: జవాబు రాలేదంటే పని జరగలేదని అర్థం కాదు. మీరు పంపిన వివరాలు చేరి, ఐఆర్ఎన్ తయారై, తిరుగు జవాబు ఒక్కటే మీకు అందకపోయి ఉండవచ్చు. అమ్మకందారు జీఎస్టీ నంబరు, ఆర్థిక సంవత్సరం, పత్రం రకం, పత్రం సంఖ్యల ఆధారంగా తయారయ్యే 64 అక్షరాల గుర్తు ఈ ఐఆర్ఎన్. కాబట్టి ఒకే బిల్లుకు రెండోది రాదు. ఆ తిరస్కరణ మీకు రక్షణే. గడువు దాటినా జవాబు రాకపోతే, తిరిగి పంపే ముందు ఆ బిల్లు వివరాలతో ఐఆర్ఎన్ ఉందేమో పోర్టల్‌నే అడిగేలా సాఫ్ట్‌వేర్‌ను మార్పించండి. తొందరలో బిల్లు నంబరు మార్చి మళ్ళీ పంపడం మాత్రం ఎన్నడూ చేయవద్దు. ఒకే సరుకుకు రెండు ఇన్వాయిస్‌లు నమోదవుతాయి, పోర్టల్‌లో రద్దు చేసుకోవడానికి 24 గంటలే గడువు ఉంటుంది.

ప్రతి బిల్లు ఏ దశలో ఉందో, అంటే పంపవలసి ఉందా, పంపినా జవాబు రాలేదా, ఐఆర్ఎన్ వచ్చిందా, ఈ-వే బిల్లు వచ్చిందా అన్నది, పంపడానికి ముందే డేటాబేస్‌లో రాసి ఉంచాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను చూసిన మన జిల్లావాళ్ళకు కరెంటు, నెట్ కలిసి పోవడమంటే ఏమిటో చెప్పనక్కరలేదు. కంప్యూటర్ మళ్ళీ తెరిచినప్పుడు ఆగిన దశ నుంచే పని సాగాలి.

సర్వర్ నుంచి 503 (ప్రస్తుతం అందుబాటులో లేను) లేదా 429 (మరీ ఎక్కువసార్లు అడిగారు) అన్న ఎర్రర్ కోడ్ వస్తే అరనిమిషం, నిమిషం, రెండు నిమిషాలు ఇలా ఎడం పెంచుతూ ప్రయత్నించాలి. పిన్‌కోడ్ తప్పు వంటివి ఎన్నిసార్లు పంపినా సరికావు గనుక వాటిని వెంటనే గుమాస్తాకు చూపాలి. ఎస్ఎంఎస్ వెళ్ళలేదని లారీని ఆపడం అనవసరం. ఆ పనిని విడిగా పెట్టండి.

రూ.50,000 దాటిన సరుకు సాధారణంగా ఈ-వే బిల్లు లేకుండా కదలకూడదు కనుక, అరగంట దాటినా అది రాకపోతే ఆ బిల్లును ఆటోమేటిక్ వరుసలోంచి పక్కన పెట్టి, మనిషి నేరుగా పోర్టల్‌లోకి వెళ్ళి తీయాలి. అలా వచ్చిన నంబరును సాఫ్ట్‌వేర్‌లో నమోదు చేశాకే ఆ బిల్లును తిరిగి వరుసలోకి వదలండి.