కోళ్ళ దాణాలో ఉప్పు మానేయవచ్చా?

ప్రశ్న: ఆనందపురం దగ్గర మాకు చిన్న కోళ్ళ ఫారం ఉంది. దాణా మేమే కలుపుకుంటాము. రెట్టలు పలచబడి లిట్టర్ (షెడ్డు నేలపై పరిచే పొట్టు) తడుస్తోందని దాణాలో ఉప్పు పూర్తిగా మానేశాము. తడి తగ్గింది గాని, బ్రాయిలర్ పిల్లలు సరిగా బరువు పెరగడం లేదు. ఉప్పు లేకపోతే కోడి పేగు చక్కెరను పీల్చుకోలేదని ఒకరన్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఆ మాటకు శాస్త్రాధారం ఉంది, కాని అది మీ సమస్యలో కొంత భాగాన్నే వివరిస్తుంది. మొక్కజొన్నలోని పిండిపదార్థం పేగులో గ్లూకోజుగా విడిపోయాక, దానిని పేగుగోడ కణాలలోకి చేరవేసే ప్రధాన వాహకం ఎస్‌జీఎల్‌టీ1 అనే ప్రోటీను. ఇది ఒక్కొక్క గ్లూకోజు అణువుతోపాటు ఉప్పులో ఉండే సోడియం అయాన్లను రెండింటిని లోపలికి తీసుకుంటుంది. అలా వచ్చిన సోడియాన్ని కణం ఎప్పటికప్పుడు రక్తం వైపు తోడివేస్తూ ఉండడం వల్లనే ఈ రవాణా ఆగకుండా సాగుతుంది. ఈ జంట రవాణాను రాబర్ట్ క్రేన్ 1960లో ప్రతిపాదించారు. విరేచనాలైనప్పుడు మనం తాగే ఓఆర్ఎస్‌లో ఉప్పు, గ్లూకోజు కలిసి ఉండేదీ ఇందుకే.

అయితే దాణాలో ఉప్పు తగ్గినా చిన్నపేగు పైభాగాలలో ఈ పని పెద్దగా కుంటుపడదు. అక్కడ ఊరే జీర్ణరసాలలోనే తగినంత సోడియం ఉంటుంది, గ్లూకోజులో అధికభాగం అక్కడే రక్తంలో కలుస్తుంది. అసలు మార్పు చిన్నపేగు చివరా, పెద్దపేగులోనూ కనబడుతుంది. కోడి శరీరంలో మూత్రం అవస్కరం (మలమూత్రాలు రెండూ బయటికి పోయే ఒకే ద్వారపు గది) నుంచి వెనక్కు మళ్ళి పెద్దపేగులోకి, దాని మొదట ఉండే అంధనాళాలు అనే రెండు సంచులలోకి వెళుతుంది. అందులోని ఉప్పును, నీటిని శరీరం తిరిగి రాబట్టుకునేది అక్కడే. సోడియం కరువైనప్పుడు మూత్రపిండాల దగ్గర ఉండే అధివృక్క (ఎడ్రినల్) గ్రంథులు ఆల్డోస్టిరాన్ అనే హార్మోనును ఎక్కువగా విడుదల చేస్తాయి. అప్పుడు పెద్దపేగు కణాలు గ్లూకోజు వాహకాలను తగ్గించుకొని, సోడియాన్ని మాత్రమే పీల్చుకునే మార్గాలను పెంచుకుంటాయి. ఉప్పు మళ్ళీ అందితే ఈ మార్పు వెనక్కు మళ్ళుతుంది.

కాబట్టి మీ కోడిపిల్లలు బరువు పెరగకపోవడాన్ని చక్కెర ఒక్కదానికే ముడిపెట్టడం సరికాదని నా అభిప్రాయం. సోడియం లోపిస్తే కోడి మేత తినడమే తగ్గిస్తుంది, తిన్నదీ ఒంటబట్టదు. మొక్కజొన్నలోనూ సోయా చెక్కలోనూ సోడియం చాలా తక్కువ. అమెరికా జాతీయ పరిశోధన మండలి 1994 పట్టిక ప్రకారం బ్రాయిలర్ దాణాలో మొదటి మూడు వారాలు 0.20 శాతం, తరువాతి మూడు వారాలు 0.15 శాతం సోడియం ఉండాలి. ఉప్పులో సోడియం సుమారు 39 శాతమే గనుక, టన్ను దాణాకు 3 కిలోల ఉప్పు కలిపితే అందేది 0.12 శాతం మాత్రమే.

ఉప్పును మళ్ళీ మొదలుపెట్టండి. అంతకన్నా ముందు బోరునీటిని, మీరు ఎండుచేపల పొడి వాడుతున్నట్లయితే దానినీ పరీక్షకు పంపండి. తీరప్రాంతపు బోర్లలో నీరు ఉప్పగా ఉండవచ్చు. ఉప్పు పట్టించి ఎండబెట్టిన చేపల పొడి మనకు తెలియకుండానే దాణాలో సోడియాన్ని పెంచుతుంది. మీ లిట్టర్ తడవడానికి కారణం అదే కావచ్చు. వాటి నుంచి వచ్చే సోడియాన్ని లెక్కలోకి తీసుకొని, మిగిలిన లోటుకే ఉప్పు కలపండి. లేత కోడిపిల్లలకు ఉప్పు ఎక్కువైతే పొట్టలో నీరు చేరే ప్రమాదం ఉంది, అందుచేత తూకం వేయకుండా గుప్పిళ్ళతో కలపవద్దు.